మాస్టారి ఖాతా మీద నడిచిన కాలవ

మా మాస్టారు పోయాక కూడా, వాన వచ్చే ముందు ఇంటికి ఫోన్ చేస్తూనే ఉండేవారు.

ఇందులో దయ్యమూ లేదు, మహిమా లేదు. ఒక సర్వర్ ఉంది, అంతే. కొత్తమెరక లాకుల దగ్గర, గోదావరి కాలవ గట్టు మీద, రాతిగోడల పాత బంగళాలో అది ఏసీ చలిలో గుర్రుపెడుతూ నడుస్తూ ఉండేది. మబ్బు వస్తోందని రాడార్ చెప్పగానే ఊళ్ళో కామేశ్వరి పిన్నిగారి ఫోన్ మోగేది. ఎత్తితే అవతల మాస్టారి గొంతు. "ఏమోయ్, వాన వస్తోంది. వడియాలు తీసెయ్." అంతే, పెట్టేసేది. బతికున్నప్పుడూ ఆయన అంతే. ఫోన్లో పెళ్ళాంతో ఇంకో ముక్క ఎక్కువ మాట్లాడగా నేను వినలేదు.

పిన్నిగారు కొంగు నడుముకి దోపుకుని డాబా ఎక్కేవారు. పాత పంచె మీద ఎండబెట్టిన గుమ్మడి వడియాల్ని పంచెతో సహా మడత పెట్టి కిందికి తెచ్చేవారు. ఆవిడ ఆఖరి మెట్టు దిగేసరికి చినుకులు మొదలయ్యేవి. ఆవిడ డాబా ఎక్కడం చూసి ఆ వీధిలో వాళ్ళందరూ గబగబా తమ వడియాలూ, అప్పడాలూ, మిరపకాయలూ లోపల పెట్టుకునేవారు. టీవీలో వాతావరణం చెప్పే పిల్లని ఆ వీధిలో ఎవరూ నమ్మరు. వాళ్ళకి పిన్నిగారి కాలి చప్పుడు చాలు.

మాస్టారంటే బడిపంతులు కాదు. భీమశంకరం గారు ఆ బంగళాలో ఉన్న లాకుల ప్రయోగశాలలో సర్వర్లు చూసే ఇంజనీరు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళని కూర్చోబెట్టి పాఠం చెప్పేవారు కనక అందరికీ మాస్టారయ్యారు. ఆయన దగ్గర పాఠం విన్న ఆఖరి గుంపులో దాన్ని నేను. నా పేరు ఇందుమతి.

ఆయన మొదటి పాఠం నాకు ఇప్పటికీ ఆయన గొంతుతోనే గుర్తుంది. "సాఫ్ట్‌వేర్ ఎక్కించే అకౌంటు వేరు, నడిపే అకౌంటు వేరు. ఈ ఒక్కటీ గుర్తుంటే చాలు, మిగతాది పుస్తకాల్లో ఉంటుంది."

మాకు అర్థం కాలేదని మొహాలు చూసి కనిపెట్టి, సుద్దముక్క పక్కన పెట్టేశారు.

"ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీకి అన్ని గదుల్లోకీ వెళ్ళే హక్కు ఉంటుంది. ఉండాలి కూడాను. గోడ కొట్టాలన్నా, కిటికీ పెట్టాలన్నా ఆయనే కదా. ఇల్లు అయిపోయాక ఏం చేస్తాడు?"

"వెళ్ళిపోతాడండీ."

"తాళాలిచ్చి వెళ్ళిపోతాడు. గృహప్రవేశం అయ్యాక కూడా నేను మీ వంటింట్లోనే మంచం వేసుకుంటానంటే ఊరుకుంటారా?"

మేమందరం నవ్వాం.

"సాఫ్ట్‌వేర్‌కీ అంతే. ఎక్కించడానికి అన్ని హక్కులూ ఉన్న అకౌంటు కావాలి. ఎక్కించాక అందులోంచి బయటికొచ్చెయ్యాలి. రోజూ నడవడానికి వేరే చిన్న అకౌంటు పెట్టాలి. దానికి ఏ గదిలో పనో ఆ గది తాళమే ఇవ్వాలి. రేపు ఎవడైనా దొంగ వచ్చి దాని మెడ పట్టుకున్నాడనుకో, వాడికి దొరికేది ఆ ఒక్క గదే. మేస్త్రీ మెడ పట్టుకుంటే ఇల్లంతా వాడిదే."

ఇంత చక్కగా చెప్పిన మనిషే చివరికి వంటింట్లో మంచం వేసుకున్నారు. వేసుకున్నారనడం అన్యాయం. కాలవ వేయించింది.

మా కాలవ సంగతి చెప్పాలి. దాళ్వాకి, అంటే ఎండాకాలం పంటకి, గోదాట్లో నీళ్ళు తక్కువ. అందుకని ఒక్కో పిల్లకాలవకి వంతులవారీగా వదులుతారు. కాలవ మొదట్లో పొలాలకి బెంగ లేదు. చిట్టచివర ఉన్న శివారు భూములకి నీరు చేరేసరికి ఆవిరైపోయినంత పనవుతుంది. గేట్లని కంప్యూటర్‌కి అప్పగించాక లెక్క బాగానే కుదిరింది కానీ, ఒక్కోసారి రెండు కాలవలూ ఒకేసారి నీళ్ళడిగేవి. నిబంధనలు రెండింటికీ సమానంగా ఉండేవి. అప్పుడు కంప్యూటర్ ఎటూ తేల్చుకోలేక గేట్లు ఎక్కడివక్కడ బిగుసుకుపోయేవి. పొలాలు ఎండేవి.

దానికి మా ప్రయోగశాల కనిపెట్టిన మందు 'ముద్ర'. తలకి ఒక గుడ్డపట్టీ కట్టుకుని, ఒక పంటకాలం పాటు మామూలుగా పని చేసుకుంటూ పోవాలి. ఎప్పుడు మనసు ఎటు మొగ్గిందో ఆ పట్టీ పట్టుకుంటుంది. జ్ఞాపకాలు కాదు, ఆలోచనలు కాదు, ఆ మొగ్గు మాత్రమే. దాన్ని ఆ మనిషి ఖాతాలో అద్దుతారు. ఆ తరవాత ఏ సాఫ్ట్‌వేర్ ఆ ఖాతా మీద నడిచినా, ఎటూ తేలని చోట ఆగి, 'నువ్వయితే ఏం చేస్తావు?' అని ఆ ముద్రని అడుగుతుంది. ఎవరి ఖాతా మీద నడిపితే వాళ్ళ బుద్ధే వస్తుంది.

అప్పుడిక పట్టీ కట్టుకున్న ముగ్గురిలో ఎవరి ఖాతా మీద నడపాలన్నది తేల్చాలి. ముందు డైరెక్టరు మోహనకృష్ణ గారి ఖాతా మీద పెట్టాం, పెద్దాయన కదా అని. గేట్లు ఏ నిర్ణయమూ తీసుకోలేదు. 'పై అధికారుల దృష్టికి తీసుకువెళ్ళడమైనది' అని అన్ని కార్యాలయాలకీ సందేశాలు పంపి చేతులు కట్టుకుని కూర్చున్నాయి. తరవాత నా ఖాతా మీద పెట్టాం. గేటు లేచేది. సరిగ్గా లేచానా లేదా అని దిగి చూసుకునేది. మళ్ళీ లేచేది.

మాస్టారు అది చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇందూ, ఇంటికి తాళం వేశాక ఎన్నిసార్లు లాగి చూస్తావమ్మా నువ్వు?" అన్నారు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఆఖరికి మాస్టారి ఖాతా మీద పెట్టాం. గేట్లు మెత్తగా లేచాయి, మెత్తగా దిగాయి. తేలని చోట ఒక్క క్షణం ఆగి, శివారు వైపు మొగ్గాయి. ఆయన పుట్టింది శివారు పల్లెలోనే. చిన్నప్పుడు వాళ్ళమ్మ పార భుజాన వేసుకుని కాలవ గట్టు మీద నీళ్ళ కోసం ఎదురుచూస్తూ నిలబడేదని ఒకసారి చెప్పారు. అది కూడా ముద్రలో పడిందన్నమాట.

చిక్కేమిటంటే, సాఫ్ట్‌వేర్ ఎక్కించిన ఖాతా కూడా అదే. అన్ని తాళాలూ ఉన్న మేస్త్రీ ఖాతా. చిన్న ఖాతా వేరే పెట్టి దానికి ముద్ర అద్దాలంటే మళ్ళీ ఒక పంటకాలం పట్టీ కట్టుకోవాలి. శివార్లో వరి పాలు పోసుకుంటోంది. అప్పుడు నీళ్ళు అందకపోతే గింజ తాలైపోతుంది. మాస్టారు చాలాసేపు కిటికీలోంచి కాలవ చూస్తూ నిలబడ్డారు.

"ఈ ఒక్క దాళ్వాకీ నా అకౌంటు మీదే నడవనియ్యండి. వానాకాలం సార్వాకి మార్చేద్దాం" అన్నారు.

మా ఆఫీసులో తాత్కాలికం అంటే ఏమిటో అందరికీ తెలుసు. తాత్కాలికంగా వేసిన రేకుల షెడ్డు కిందే ఇప్పటికీ మా జీపు నిలబడుతోంది.

కానీ ఎంత బాగా నడిచిందో ఆ కాలవ! పొద్దున్నే లాకుల వంతెన మీద టీ గ్లాసు పట్టుకుని నిలబడితే, గేట్లు కదిలే తీరులోనే ఇవాళ మాస్టారు ఏ తరహాలో ఉన్నారో తెలిసిపోయేది. ఆయన పక్క గదిలో పేపరు చదువుకుంటూ ఉండేవారు. కాలవ ఆయనలా నడుస్తూ ఉండేది. ఉద్యోగంలో నేను అంత సంతోషంగా ఉన్న రోజులు మళ్ళీ రాలేదు.

ఖాతా ఆయన సొంతది కావడంతో ఆయన ఇల్లు కూడా దాని చేతిలోకి వచ్చింది. వడియాల కాలంలో మబ్బు కనిపించగానే ఇంటికి ఫోన్ చెయ్యడం ఆయనకి ముందునుంచీ ఉన్న అలవాటు. సర్వర్ కూడా అదే మొదలుపెట్టింది, ఖాతాకి పెట్టిన ఆయన గొంతుతోనే. మేం నవ్వితే, "పోన్లెండి, నాకో పని తప్పింది" అన్నారు. సర్వర్ చేతికి రాకముందు, ఆఫీసు పని మీద క్యాంపుకి వెళ్ళే రోజున మబ్బు లేకపోయినా చేసేవారు. జీపు బయట హారన్ కొడుతూ ఉండేది, ఎండ ఫెళఫెళా కాస్తూ ఉండేది, ఈయన ఫోన్ పట్టుకుని, "ఏమోయ్, వడియాలు తీసెయ్" అనేవారు.

"ఇంత ఎండలో ఎందుకండీ?" అని అడిగాను ఒకసారి.

"రెండ్రోజులు ఊళ్ళో ఉండను కదా. వాన వస్తే చెప్పేదెవరు?"

పిన్నిగారు విసుక్కుంటూనే తీసేవారట. ఆవిణ్ణి చూసి వీధంతా తీసేవారు. తీరా వాన రాకపోతే మాస్టారిని తిట్టుకునేవారు.

ఇంకో సంగతి ఉంది. పెద్ద గేటు ఎత్తాలంటే ఒక్కరి ఆజ్ఞ చాలదు, రెండో మనిషి కూడా ఒప్పుకోవాలి. మా దగ్గర మనుషులు తక్కువ. సెలవు రోజున ఎవరూ ఫోన్ ఎత్తరు. మాస్టారు ఆ రెండో మనిషిగా పిన్నిగారి పేరు రాయించేశారు. "మా ఆవిడ ఎత్తినంత నమ్మకంగా ఫోన్ ఎవరెత్తుతారు?" అని ఆయన వాదన. ఆవిడ ఫోన్లో పచ్చ బొత్తం ఒకటి పెట్టాం. నొక్కమని చెప్పే ఫోన్ కూడా ఆయన గొంతుతోనే వెళ్ళేది. పచ్చడి రుబ్బుతూ, పూలు మాల కడుతూ ఆవిడ ఆ బొత్తం నొక్కేవారు. ఏ గేటో, ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

సార్వా నాట్లు పడుతూ ఉండగా మాస్టారు గుండె ఆగి పోయారు. వంతెన మీద నిలబడి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూనే కూలిపోయారు. నేను అక్కడే ఉన్నాను. ఇక ఆ విషయం రాయలేను.

మనిషి పోయాక ఖాతా మూసెయ్యాలన్నది రూలు. కానీ కాలవ నడుస్తోంది. "నడుస్తున్న దాన్ని కదపడం ఎందుకు?" అన్నారు డైరెక్టరు గారు. నిజం చెప్పాలంటే బంగళాలో ఎవరికీ మనసొప్పలేదు. పొద్దున్నే వంతెన మీద నిలబడితే గేట్లు ఇంకా మాస్టారిలాగే లేస్తున్నాయి మరి.

మరుసటి దాళ్వాలో, ఎండలు ముదిరి పిన్నిగారు మొదటిసారి వడియాలు పెట్టిన రోజున మబ్బు పట్టింది, ఫోన్ మోగింది. ఆవిడ పరుగున నా దగ్గరికి వచ్చారు. నేను కూర్చోబెట్టి అంతా వివరంగా చెప్పాను, సర్వర్, ఖాతా, ముద్ర అన్నీ. ఆవిడ విని, మంచినీళ్ళు తాగి, "తెలిసిందిలే. కానీ నువ్వు దాన్ని ఆపకు" అన్నారు.

ఆ దాళ్వాలోనే, శివారు వరి మళ్ళీ పాలు పోసుకునే వేళ, ఒకరోజు మధ్యాహ్నం చేపల చెరువుల వైపు వెళ్ళే పెద్ద గేటు లేచింది. అప్పుడు మేమందరం భోజనాల దగ్గర ఉన్నాం. చూసి పరిగెత్తుకొచ్చి దించేసరికి శివారు వంతు నీరంతా చెరువుల్లోకి పోయింది. కాలవ చివర అడుగున బురద తేలింది.

జరిగిందేమిటో తెలుసుకోడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది. రైతులు ఫిర్యాదులు రాసుకునే పేజీ ఒకటి ఉంది. అందులో కన్నం చూసుకుని ఒకడు దూరాడు, చెరువుల వాళ్ళు కుదుర్చుకున్నవాడు. మామూలుగా అయితే వాడికి నాలుగు ఫిర్యాదులు తప్ప ఏమీ దొరక్కూడదు. కానీ ఆ పేజీ కూడా మాస్టారి ఖాతా మీదే నడుస్తోంది. లోపలికి అడుగు పెట్టగానే వాడు మాస్టారైపోయాడు. గేటు ఎత్తమన్నాడు. అందులో తేలని సంగతేమీ లేదు, ఖాతా యజమానే చెప్పినట్టు లెక్క, కనక ముద్రని ఎవరూ అడగలేదు. రెండో మనిషి ఒప్పుకోలు కోసం ఫోన్ దానంతట అదే వెళ్ళింది. "ఏమోయ్, ఆ పచ్చ బొత్తం నొక్కు." పిన్నిగారు నొక్కారు. దొంగకి అసలు ఆవిడంటూ ఒకరున్నారని కూడా తెలీదు. వాణ్ణి తరవాత పట్టుకున్నారు లెండి. కానీ వాడు పోయిన దారి ఇంకొకడికి తెరిచే ఉంది.

మర్నాడు శివారు రైతులు బంగళా ముందుకొచ్చారు. గేటు ఎవరు ఎత్తారన్నది కంప్యూటర్ బోర్డు మీద అందరికీ కనపడుతుంది. ఎత్తినది భీమశంకరం, ఒప్పుకున్నది కామేశ్వరి.

సూర్రావు అనే పెద్దాయన తలగుడ్డ చేతిలో పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. "మాస్టారే మా నీళ్ళు చెరువులకి వదిలేశారంట కదండీ అమ్మగారూ? ఆయన మావోడని అనుకున్నావండి మేము" అన్నాడు.

కోపంగా అన్నా భరించేదాన్ని. ఏడుపు గొంతుతో అన్నాడు. దొంగ సంగతి చెప్పాను. విన్నాడు, తలూపాడు, కానీ బోర్డు మీద పేరు వైపే చూస్తూ వెళ్ళిపోయాడు.

నేను పిన్నిగారింటికి వెళ్ళేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని గుమ్మడికాయ తరుగుతున్నారు. ఊళ్ళో మాట అప్పటికే ఆవిడ చెవిన పడింది.

"నొక్కమన్నారు, నొక్కాను" అన్నారు, నేను అడక్కుండానే. "ఆయన కాదని నాకు తెలీదా ఇందూ? పిండప్రదానం చేయించినదాన్ని, ఆ మాత్రం తెలీదా? కానీ ఆ గొంతు వినపడితే చెయ్యి దానంతట అదే వెళ్ళిపోయిందే."

"మీ తప్పేం లేదు పిన్నిగారూ."

"తప్పు సంగతి కాదు. రేపు మళ్ళీ నొక్కమంటే మళ్ళీ నొక్కుతాను. అదీ నా భయం." కత్తిపీట పక్కకి జరిపి నా వైపు తిరిగారు. "ఆయన్ని ఊళ్ళోవాళ్ళు ఒక్క మాట అనగా నేను వినలేదు ఇన్నేళ్ళలో. ఇప్పుడు వింటున్నాను. ఆ అకౌంటు తీసెయ్."

"తీసేస్తే ఫోన్ కూడా పోతుందండీ."

"తెలుసు."

నేను ఆశ చంపుకోలేకపోయాను. "ఒక పని చేస్తాను. కొత్తగా చిన్న అకౌంటు పెడుతున్నాను కదా, గేట్లు తిప్పడానికి. దానికి మీకు ఫోన్ చేసే హక్కు కూడా ఒకటి ఇస్తాను. అదొక్కటే. ఎవరికీ తెలీదు."

ఆవిడ మొహంలో ఆశ కనపడింది నాకు. తరవాత అడిగారు.

"మళ్ళీ ఎవడైనా దూరితే?"

"మీకు ఫోన్ చెయ్యగలడు."

"ఆయన గొంతుతోనా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ఆయన గొంతుతోనేనండీ."

"అయితే వద్దమ్మా" అన్నారు పిన్నిగారు, మళ్ళీ కత్తిపీట దగ్గరికి లాక్కుని.

ఖాతా మూసెయ్యడమంటే అనుకున్నంత సులువు కాదు. ఇన్నాళ్ళూ సర్వర్ రాసుకున్న వంతులూ, గేట్ల కొలతలూ అన్నీ ఆ ఖాతా సొత్తు. ఉన్నపళాన తీసేస్తే అవన్నీ తాళం పడి, గేట్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. శివారు వరికి ఆ మాత్రం ఆలస్యం కూడా పనికిరాదు. యజమాని తన చేత్తో కొత్త ఖాతాకి అప్పగించాలి. యజమాని లేరు. ఆయన బదులు ముద్ర ఒప్పుకోవాలి. ఆ పైన రెండో మనిషి పచ్చ బొత్తం నొక్కాలి.

"నిన్ను తీసేస్తాం, ఒప్పుకుంటావా అని అడిగితే ఎవరైనా ఒప్పుకుంటారా ఇందుమతి గారూ?" అన్నారు డైరెక్టరు గారు. మొదటిసారి ఆయన మాటలో నాకు తెలివి కనిపించింది. నాకూ అదే భయం.

కొత్త ఖాతాకి 'లస్కరు' అని పేరు పెట్టాను. వెనకటి రోజుల్లో కాలవ గట్ల మీద తిరుగుతూ గేట్లు చేత్తో తిప్పినవాళ్ళ పేరది. నీటిమట్టం చూడొచ్చు, వంతు ప్రకారం గేటు తిప్పొచ్చు. ఫోన్లు లేవు, ఇళ్ళు లేవు, గొంతు లేదు. ఫిర్యాదుల పేజీకి ఇంకో ఖాతా వేరే పెట్టాను. లస్కరుకి ముద్ర కూడా లేదు. ఎటూ తేలకపోతే ఆగి, డ్యూటీ గదిలో గంట కొడుతుంది.

"గంట కొడితే ఎవరు తేలుస్తారు?" అని అడిగారు డైరెక్టరు గారు. గదిలో అందరూ నా వైపు చూశారు.

పిన్నిగారు బంగళాకి వచ్చిన పూట నాకు బాగా గుర్తు. మిట్టమధ్యాహ్నం, ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు. మాస్టారు పోయాక ఆవిడ అక్కడికి రావడం అదే మొదలు. స్టీలు డబ్బాలో వేయించిన వడియాలు తెచ్చారు మా అందరికీ. మాస్టారి కుర్చీ చూపించి కూర్చోమంటే కూర్చోలేదు, దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

నేను ప్రశ్న పంపాను. ఈ ఖాతా కింద ఉన్నవన్నీ లస్కరు ఖాతాకి అప్పగించి, దీన్ని మూసెయ్యవచ్చునా?

రెండు కాలవల మధ్య తేల్చడానికి ముద్ర ఎప్పుడూ ఒక్క క్షణం తీసుకునేది. ఇప్పుడు అదీ తీసుకోలేదు. నేను మీట మీంచి వేలు తీసేలోపల జవాబు వచ్చింది. అప్పగించు.

"అప్పుడేనా?" అన్నారు పిన్నిగారు. "అయిపోయిందా?"

"ఒప్పుకున్నారండీ."

"ఆలోచించుకోలేదా?"

"లేదండీ."

ఆవిడకి చర్రున కోపం వచ్చింది. "అంతే! ఎప్పుడూ అంతే ఆయన. ఆఫీసు జీపు వచ్చిందంటే వెనక్కి తిరిగి చూసేవారా? నేను గుమ్మంలో నిలబడి ఉన్నానో లేదో చూసేవారా ఎప్పుడైనా?" ఇంతకాలం ఆవిడ ఏడవగా నేను చూడలేదు. అప్పుడు ఏడ్చారు, ఆయన మీద కోపంతో.

నాకూ ఏడుపొచ్చింది కానీ, లోపల ఎక్కడో గర్వంగా కూడా అనిపించింది. మేస్త్రీ తాళాలిచ్చేశాడు. పాఠం చెప్పిన మనిషి మొగ్గు ఇంకోలా ఎలా ఉంటుంది?

ఆవిడ చేతిలో ఫోన్ మోగింది. గది అంతటికీ వినపడింది.

"ఏమోయ్, ఆ పచ్చ బొత్తం నొక్కు."

ఈసారి ఆవిడ చెయ్యి దానంతట అది వెళ్ళలేదు. నా మొహంలోకి చూసి, "ఇది ఆయన పనేనా, దొంగ పనా?" అని అడిగారు. నొక్కే ముందు ఆవిడ ఏదైనా అడగడం అదే మొదలు.

"దొంగ కాదండీ. నేనే అడిగాను, ఆయన ముద్ర ఒప్పుకుంది."

కళ్ళు తుడుచుకుని, బొత్తం నొక్కారు.

గోడ మీద బోర్డులో గేట్ల పక్కన పేర్లు ఒక్కొక్కటే మారడం మొదలైంది. భీమశంకరం అన్న చోటల్లా లస్కరు. సగం మారాయో లేదో, డ్యూటీ గదిలో గంట కొట్టింది. రెండు కాలవలు ఒకేసారి నీళ్ళడుగుతున్నాయి, నిబంధనలు రెండింటికీ సమానం. ఒకటి నడిమి కాలవ. రెండోది శివారుది.

ఒకప్పుడైతే ఎత్తనా, దించనా అని తెల్లారేదాకా తన్నుకునేదాన్ని. కాలవ చివర తేలిన బురదా, సూర్రావు చేతిలో తలగుడ్డా కళ్ళ ముందు మెదిలాయి. "శివారుకి" అని నొక్కాను. గేటు లేచింది. మాస్టారి గేటులా మెత్తగా కాదు, కొంచెం కుదుపుగానే లేచింది. కానీ దిగి చూసుకోలేదు. నీరు శివారు వైపు తిరిగింది. కిటికీలోంచి పిన్నిగారూ చూశారు.

బోర్డు మీద ఆఖరి పేరు మారుతూ ఉండగా ఆవిడ ఫోన్ మళ్ళీ మోగింది.

"ఏమోయ్, వడియాలు తీసెయ్."

అంతే, పెట్టేసింది. బోర్డు మీద ఖాతా మూసివేయబడినది అని వచ్చింది.

డైరెక్టరు గారు రాడార్ తెర చూశారు. "చినుకు జాడ కూడా లేదే? పోతూ పోతూ ఏదో పొరపాటు చేసింది."

నేనూ అలాగే అనుకున్నాను, ఒప్పుకోడానికి సిగ్గేమీ లేదు. పిన్నిగారు మాత్రం కుర్చీ మీంచి చెయ్యి తీసేసి, డబ్బా మూత పెట్టి, గుమ్మం వైపు నడిచారు.

"పొరపాటు కాదు బాబూ" అన్నారు. "క్యాంపుకి వెళ్తున్నారు."

నా స్కూటర్ మీద ఇంటి దగ్గర దింపాను. ఆవిడ చెప్పులు విప్పి, కొంగు దోపుకుని డాబా ఎక్కారు. ఎండకి అరికాళ్ళు చుర్రుమంటున్నాయి. పంచె ఒక చివర ఆవిడ పట్టుకున్నారు, ఇంకో చివర నేను. ఇంకా పచ్చి ఆరని వడియాలు, మెత్తగా ఉన్నాయి. అయినా మడిచాం.

పక్క డాబా మీంచి వరాలమ్మ గారు నెత్తిన చెయ్యి పెట్టుకుని ఆకాశం వైపు చూసి, మా వైపు చూశారు. "పిన్నిగారూ, వానేనా ఏంటండీ?"

"తీసెయ్యండి" అన్నారు పిన్నిగారు. ఇంకేమీ చెప్పలేదు.

వరాలమ్మ గారు తీశారు. ఆవిణ్ణి చూసి ఆ అవతలివాళ్ళు తీశారు. పిల్లలు చాటలు పట్టుకుని పరిగెత్తారు. ఆ రోజు సాయంత్రం దాకా ఎండ కాస్తూనే ఉంది, చినుకు పడలేదు. వీధి మొత్తానికి ఒక్క డాబా మీదా వడియం లేదు.